హెన్రీ కోసం రాసిన ఉత్తరాలు

1975 మార్చి 18న అమెరికాలో సీబీఎస్ చానల్ ప్రసారం చేసిన ఒక అరగంట హాస్య కార్యక్రమం చూసి జనం ఏడ్చారు. ఏడ్చి ఊరుకోలేదు, నిర్మాతలకి వందల కొద్దీ ఉత్తరాలు రాశారు. ఆ కార్యక్రమం పేరు 'మాష్'. కొరియా యుద్ధకాలంలో (1950-53) ముందు వరుసకి దగ్గరగా, గుడారాల్లో నడిచిన ఒక సైనిక ఆసుపత్రి కథ. 1972లో మొదలై 1983 దాకా నడిచింది. అంటే మూడేళ్ళ యుద్ధాన్ని పదకొండేళ్ళు చూపించారన్నమాట.

ఏడిపించిన ఆ భాగం మూడో సీజన్‌లో చివరిది. పేరు 'అబిసీనియా, హెన్రీ'. 'మళ్ళీ కలుద్దాం' అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటని గబగబా పలికితే 'అబిసీనియా' అన్నట్టు వినిపిస్తుంది, అదీ అందులోని చమత్కారం. ఆసుపత్రి అధికారి హెన్రీ బ్లేక్‌కి సైన్యం నుంచి విడుదల దొరుకుతుంది. తోటివాళ్ళు నవ్వులతో సాగనంపుతారు. తర్వాత ఆపరేషన్ గదిలోకి రాడార్ అనే కుర్ర గుమాస్తా వచ్చి, హెన్రీ ఎక్కిన విమానాన్ని జపాన్ సముద్రం మీద కూల్చేశారనీ, ఎవరూ బతకలేదనీ చెప్తాడు. డాక్టర్లూ నర్సులూ కోత ఆపకుండా పని చేస్తూనే ఉంటారు. ఆ ఆఖరి పేజీని రచయిత లారీ గెల్‌బార్ట్, నిర్మాత జీన్ రేనాల్డ్స్ చిత్రీకరణకి కాస్త ముందు వరకూ నటుల దగ్గర కూడా దాచి ఉంచారు.

ప్రేక్షకుల అభిప్రాయాలు రెండుగా చీలాయి. నవ్వుకుందామని టీవీ ముందు కూర్చున్నవాళ్ళని ఇలా మోసం చేస్తారా అని కొందరు. యుద్ధమంటే ఇదే కదా, ఇన్నాళ్ళకి నిజం చెప్పారు అని మరికొందరు. హెన్రీ వేషం వేసిన మెక్లీన్ స్టీవెన్‌సన్ కార్యక్రమం వదిలి వెళ్ళిపోతున్నందుకే పాత్రని చంపేశారని అనుమానించినవాళ్ళూ ఉన్నారు. ఆ అనుమానం ఇప్పటికీ వినిపిస్తుంది. వారపత్రిక సీరియళ్ళలో నాయిక కష్టాలకి సంపాదకులని నిలదీసిన పాఠకుల వారసులం మనం. ఈ కోపం మనకి తెలియనిది కాదు.

నన్ను ఆపింది మాత్రం ఆ కోపం వెనక ఉన్న ఒప్పందం. సీబీఎస్ పట్టుబట్టి ఈ ధారావాహికకి రికార్డు చేసిన నవ్వుల్ని జత చేయించింది. ఆపరేషన్ గదిలో మాత్రం ఆ నవ్వులు ఉండకూడదని నిర్మాతలు ఒప్పించుకున్నారు. అంటే ఎక్కడ నవ్వాలో, ఎక్కడ నవ్వకూడదో ప్రేక్షకుడికి ముందే తెలుసు. హెన్రీ మరణవార్త నవ్వులేని గదిలోనే చెప్పారు. నియమం తప్పలేదు. అయినా మోసపోయామనిపించిందంటే, ఆ గదిలో చావు ఎప్పుడూ పేరులేని సైనికుడికే రావాలని వాళ్ళు లోలోపల అనుకున్నారనే కదా అర్థం? అప్పటికి వియత్నాం యుద్ధం ఇంకా ముగియలేదు. సైగాన్ పతనానికి ఇంకా ఆరు వారాలుంది. యాభై ఎనిమిది వేలకి పైగా అమెరికన్లు ఆ యుద్ధంలో పోయారు. వాళ్ళలో ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరి హెన్రీయే.

మా పెద్దమ్మ ప్రభుత్వాసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసింది. ఈ భాగం ఆమెతో కలిసి చూశాను. అంతా అయ్యాక ఆమె అడిగింది ఒక్కటే: "ఆ చేతికి కత్తులూ కత్తెర్లూ అందిస్తున్న పిల్లల పేర్లేమిటే?"

మంచి ప్రశ్న. ఈ ధారావాహికలో చాలామంది నర్సులకి నిలకడైన పేర్లుండవు. ఏబుల్, బేకర్ లాంటి పేర్లతో పిలుస్తుంటారు. అవి వైర్‌లెస్‌లో అక్షరాలు స్పష్టంగా చెప్పడానికి ఆనాటి సైన్యం వాడిన సంకేత పదాలు. ఒకే పేరు ఒక్కోసారి ఒక్కో నటికి తగిలించేవారు. హవాయి నుంచి వచ్చిన కెల్లీ నకహారా ఏళ్ళ తరబడి వెనక వరుసలో నిలబడి, చివరికి తన పేరుతోనే పాత్రగా నిలిచింది. ఆమె మీద ఒక పూర్తి భాగం రావడానికి పదకొండో సీజన్ దాకా, 1982 దాకా పట్టింది. ప్రధాన నర్సు మార్గరెట్ హూలిహాన్‌ని 1970 నాటి సినిమాలో స్నానం చేస్తుండగా తెర లాగేసి నవ్వులపాలు చేశారు. టీవీలోనూ మొదట్లో ఆమెకి పేరుకన్నా పెదవుల మీద పెట్టిన ఎగతాళి పేరే ఎక్కువ. 1976లో లిండా బ్లడ్‌వర్త్ రాసిన 'ద నర్సెస్' అనే భాగంలో ఆమె తన కింది నర్సులతో, మీరెవరూ నన్ను ఒక్క కప్పు కాఫీకైనా పిలవలేదు కదా అని నిలదీస్తుంది. అధికారం ఉన్న ఆడదాని ఒంటరితనం అలా హాస్యంలోకి వచ్చింది, ఒక స్త్రీ రాసింది కాబట్టి. ఆ పాత్రకి లొరెట్టా స్విట్ రెండు ఎమ్మీలు అందుకుంది.

ఇక చరిత్ర చూడండి. 1950 జులైలో మేజర్ జెనీవీవ్ స్మిత్ కొరియాలో ప్రధాన నర్సుగా బాధ్యత తీసుకోవడానికి వెళ్తూ విమాన ప్రమాదంలో చనిపోయింది. అదే సంవత్సరం సెప్టెంబరులో పసిఫిక్‌లోని క్వాజలీన్ దీవి నుంచి జపాన్ వైపు బయల్దేరిన విమానం కూలి, నౌకాదళ నర్సులు పదకొండుమంది పోయారు. సముద్రం మీద విమానం, తిరిగిరాని వైద్య సిబ్బంది: హెన్రీ కథ పాతికేళ్ళ ముందే జరిగింది. పోయినవాళ్ళు స్త్రీలు. హెన్రీని తలుచుకునే లక్షలమందిలో వీళ్ళ పేర్లు ఎందరికి తెలుసు?

అమెరికన్ నర్సులతోనూ ఈ లెక్క ముగియదు. ఆ యుద్ధంలో కొరియా పౌరులు లక్షల్లో చనిపోయారు. వాళ్ళ ఊళ్ళలోనే గుడారాలు వేసిన ఈ కథలో కొరియా స్త్రీ ఎక్కువగా బట్టలుతికేది, బారు నడిపేది, లేదా పిల్లాణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడేది.

ఆ ఉత్తరాలని నేను తక్కువ చెయ్యడం లేదు. కల్పిత పాత్ర కోసం ఏడవడం చిన్న విషయం కాదు. గెల్‌బార్ట్, రేనాల్డ్స్ వాటిలో చాలావాటికి స్వయంగా జవాబులు రాశారు, ఆ కన్నీళ్ళని గౌరవించారు. అయితే మూడు సీజన్లు ఇంట్లోకి రానిస్తేనే హెన్రీ మనవాడయ్యాడు. ఏబుల్‌నీ బేకర్‌నీ పేరుపెట్టి రానిచ్చి ఉంటే, వాళ్ళ కోసం కూడా ఎవరో ఒకరు కలం తీసేవారు. మా పెద్దమ్మ అడిగిన పేర్లు నేనింకా చెప్పలేదు. చెప్పడానికి కథలో లేవు.