కారుకి నావిగేషన్ యూనిట్ కొనే ముందు: మన జిల్లాల పటం కథ

విజయనగరం నుంచి ఒకాయన అడిగారు: "తమ్ముడూ, కారుకి నావిగేషన్ యూనిట్ పెట్టించాలి. జీపీఎస్‌దా, మన నావిక్‌దా? సాలూరు మీదుగా కోరాపుట్ తరచూ వెళ్తుంటాను." చిన్న ప్రశ్నే గానీ, దీని జవాబు వెతుక్కుంటూ 1862 దాకా వెళ్లాలి.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. నేను బీటెక్ చదివే రోజుల్లో మా మావయ్య కారు అద్దానికి అతికించే ఒక నావిగేషన్ పెట్టె కొన్నాడు. కంపెనీ పేరు ఎందుకులెండి. శ్రీకాకుళం నుంచి ఓ పెళ్లికి బయల్దేరాం. ఆ పెట్టె మమ్మల్ని తిన్నగా వంశధార గట్టు మీదకి తీసుకెళ్లి, ఇంగ్లీషులో "ఇంకో 400 మీటర్లు వెళ్లండి" అంది. ముందు చూస్తే ఏరు! పెళ్లివారి ఊరు అవతలి ఒడ్డున ఉంది. అక్కడ పశువులు కాస్తున్న తాత నవ్వి, "వంతెన ఏటి బావూ, ఇక్కడ పడవే కదా" అన్నాడు. చుట్టూ తిరిగి వెళ్లేసరికి ముహూర్తం దాటిపోయింది. మావయ్య దారంతా ఉపగ్రహాన్ని తిట్టాడు.

పాపం, దాని తప్పేం లేదు. ఉపగ్రహం పంపేది టైమూ, తానెక్కడుందో ఆ వివరమూ, అంతే. ఆ సిగ్నల్ చేరడానికి ఎంతసేపు పట్టిందో చూసి, మనం ఎక్కడున్నామో లెక్క వేసేది కారులోని పెట్టె. గడియారంలో ఒక్క మైక్రోసెకను తేడా వస్తే లెక్క 300 మీటర్లు తప్పుతుంది. 2000 మే వరకూ అమెరికా మామూలు జనానికిచ్చే జీపీఎస్‌ను కావాలనే సుమారు 100 మీటర్ల మేర మసకబార్చి ఉంచింది. అది ఎత్తేశాకే కారు యూనిట్లు బాగా పనికొచ్చాయి. మన హైదరాబాద్‌లోని శాట్‌నావ్ టెక్నాలజీస్ కూడా 'శాట్‌గైడ్' పేరుతో ఒకటి తెచ్చింది. సరే, మన చోటు తెలిసింది. మరి రోడ్డు, వంతెన, ఊరు? అవి పటంలో ఉండాలి. మన దగ్గర కథ అడ్డం తిరిగింది అక్కడే.

మద్రాసులో 1802లో లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే మన వైపు కూడా వచ్చింది. 1862లో అప్పటి విశాఖపట్నం జిల్లాలో ఒక బేస్‌లైన్ కొలిచారు. విజయనగరం కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. కొండల మీంచి కోణాలు చూసి లెక్క కట్టుకుంటూ వచ్చిన దూరం సరిగ్గా ఉందో లేదో నేల మీద కొలిచి సరిచూసుకోవడానికే ఆ గీత. అంత శ్రద్ధగా చేశారు! కాకపోతే ఆ పటాలు ఎవరెస్ట్ దొర లెక్కగట్టిన భూమి ఆకారం మీద గీసినవి. జీపీఎస్ వాడేది వేరే లెక్క. పాత పటంలోని అంకెలు యథాతథంగా జీపీఎస్‌లో వేస్తే మన వైపు చోటు రెండొందల మీటర్ల దాకా జరిగిపోతుంది.

ఇంకో చిక్కు. స్వాతంత్ర్యం వచ్చాక రక్షణ కారణాలతో తీరం వెంబడి వెడల్పాటి పట్టీకి సంబంధించిన వివరమైన పటాలను మామూలు జనానికి అందకుండా ఉంచారు. మన రెండు జిల్లాలూ తీరం మీదే కదా. 2005 జాతీయ పటాల విధానం వచ్చాకే జనం కోసం వేరే పటాల వరస అనుకున్నారు. 2021 ఫిబ్రవరి 15న కొత్త మార్గదర్శకాలు వచ్చేదాకా మన కంపెనీలకు అనుమతుల గోల తప్పలేదు. భద్రత మాట నేను కాదనను. కానీ ఆ నష్టం మోసింది కంపెనీలే కాదు, పల్లెల్లో ఉన్నవాళ్లు కూడా.

అన్నిటికన్నా నన్ను ఆపేసేది కొటియా. సాలూరు పైన కొండల మీది ఊళ్లు. 1936లో ఒడిశా ఏర్పడ్డాక జరిగిన సర్వేలో అక్కడి 21 ఊళ్లు ఎక్కలేదు. 1968లో వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2006లో కోర్టు తేల్చకుండానే యథాతథ స్థితి అంది. 2021లో మన రాష్ట్రం అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెళ్లింది. ఆ ఊరి నడిబొడ్డున నిలబడితే ఏ ఉపగ్రహమైనా అక్షాంశం, రేఖాంశం ఠక్కున చెప్పేస్తుంది. రేషన్ కార్డు ఏ రాష్ట్రానిదో మాత్రం చెప్పలేదు.

సరే, విజయనగరం అన్నగారూ, మీ యూనిట్ సంగతి. నావిక్ మనదని నాకూ గర్వమే. కానీ మొదటి ఉపగ్రహంలోని మూడు అణు గడియారాలూ పాడయ్యాయి. 2025 జనవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేదు. అందుకే జీపీఎస్, నావిక్ రెండూ పట్టేది తీసుకోండి. షాపువాడు ఉపగ్రహాల సంఖ్య చెప్తుంటే విని ఊరుకోండి. మీరు అడగాల్సింది వేరే: పటం పెట్టెలోనే ఉంటుందా, ఏడాదికి ఎన్నిసార్లు మారుస్తారు, దానికి డబ్బులెంత? ఘాట్‌లో ఫోన్ డేటా పోయినా ఉపగ్రహ సిగ్నల్ వస్తుంది, పటం లేకపోతే తెర మీద చుక్క ఒక్కటే మిగులుతుంది. షాపులోనే 2022లో వచ్చిన పార్వతీపురం మన్యం జిల్లా పేరు కొట్టి చూడండి. సాలూరు ఇప్పుడు అందులోదే. ఇంకా విజయనగరం జిల్లాలోనే చూపిస్తే ఆ పెట్టె అక్కడే వదిలేసి వచ్చేయండి.