ఒక జట్టు, ఒక సీజను, పంతొమ్మిది తలదెబ్బలు

సంక్రాంతి సెలవులు వచ్చాయంటే వికారాబాదు, తాండూరు చుట్టుపక్కల పల్లెల్లో కబడ్డీ పోటీలు మొదలవుతాయి. కూతకు వెళ్ళిన కుర్రవాడు నలుగురి కింద పడతాడు. తల నేలకు కొట్టుకుంటుంది. క్షణకాలం కళ్ళు తేలవేస్తాడు. ఎవరో ముఖాన నీళ్ళు చల్లుతారు. లేచి నిలబడగానే చప్పట్లు మోగుతాయి. "ఏం కాలేదు బిడ్డా, ఆడు" అని పెద్దలే ప్రోత్సహిస్తారు. ఈ "ఏం కాలేదు" అన్న మాటలో ఎంత ప్రమాదం దాగి ఉందో వైద్యులు మొదటిసారి లెక్కకట్టి చూపినది నూట ఇరవై సంవత్సరాల క్రితం, అమెరికాలోని ఒక కళాశాల జట్టు విషయంలో. ఆ చరిత్ర మన తల్లిదండ్రులకూ వ్యాయామ ఉపాధ్యాయులకూ తెలియవలసినది.

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం ఎరిగిన కాలిబంతి ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేతపట్టుకుని, అడ్డువచ్చిన వారిని తోసుకుంటూ, ప్రత్యర్థి గీత దాటించే ఆట. ఆ రోజుల్లో దానికి పేరు తెచ్చినవి కళాశాల జట్లే. శిరస్త్రాణం ధరించాలన్న నిబంధన లేదు. ఒకరినొకరు పట్టుకుని గుంపుగా ప్రత్యర్థుల మీదికి దూసుకుపోవడమే ప్రధాన వ్యూహం.

1905 సీజనులో హార్వర్డ్ విశ్వవిద్యాలయం జట్టు 11 ఆటలు ఆడింది. ఎనిమిది గెలిచింది, రెండు ఓడింది, ఒకటి సమంగా ముగిసింది. చివరి ఆటలో చిరకాల ప్రత్యర్థి యేల్ చేతిలో 0-6 తేడాతో ఓడిపోయింది. అభిమానులకు ఆ ఓటమి గుర్తుండిపోయింది. అయితే జట్టు వైద్యులు ఎడ్వర్డ్ నికల్స్, హోమర్ స్మిత్ మరొక లెక్క రాసుకున్నారు. సీజను పొడవునా ప్రతి గాయాన్నీ నమోదు చేసి, 1906 జనవరిలో బోస్టన్ వైద్య పత్రికలో ప్రచురించారు. మొత్తం గాయాలు 145. వాటిలో మెదడు కుదుపు, అంటే కంకషన్, 19 సార్లు. ఒక్క కంకషనూ లేకుండా ముగిసిన ఆటలు రెండే రెండు.

అంకెలకన్నా విలువైనది వారు గమనించిన విషయం. తలకు దెబ్బ తగిలినవాడు స్పృహ తప్పి పడిపోవాలన్న నియమమేమీ లేదు. లేచి నిలబడతాడు, పరుగెత్తుతాడు, ఆట కొనసాగిస్తాడు; కానీ జ్ఞాపకశక్తి కొంత దెబ్బతిని ఉంటుంది. పక్కనున్నవారు సైతం దానిని వెంటనే గుర్తించలేరు. ఆటగాళ్ళు ఈ దెబ్బను అల్పమైనదిగా భావించడం ఆ వైద్యులకు ఆందోళన కలిగించింది.

యేల్ చేతిలో హార్వర్డ్ ఓడిన నాడే, 1905 నవంబరు 25న, న్యూయార్కులో యూనియన్ కళాశాల ఆటగాడు హెరాల్డ్ మూర్ తలకు దెబ్బ తగిలి మరణించాడు. ఆ సంవత్సరం దేశమంతటా ఈ ఆటలో ప్రాణాలు పోగొట్టుకున్నవారు పద్దెనిమిది, పంతొమ్మిది మంది అని నాటి పత్రికలు లెక్క చెప్పాయి. అధ్యక్షుడు థియొడొర్ రూజ్‌వెల్ట్ అక్టోబరులోనే హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి మాట్లాడి ఉన్నాడు. కొలంబియా విశ్వవిద్యాలయం ఆటనే మానివేసింది. 1906లో నియమాలు మారాయి: బంతిని ముందుకు విసరడానికి అనుమతి లభించింది, ఇరుజట్ల మధ్య కొంత ఖాళీ ఉంచాలన్నారు, గుంపు దాడులను అరికట్టారు. కళాశాలల క్రీడలను నియంత్రించే సంస్థ కూడా అప్పుడే పుట్టింది.

నియమాలు మారినా, దెబ్బ తిన్నవాడిని ఆటనుండి తప్పించాలన్న ఆలోచన మాత్రం స్థిరపడలేదు. 1939లో కళాశాల ఆటగాళ్ళకు శిరస్త్రాణం తప్పనిసరి అయింది. అది పుర్రెను కాపాడుతుంది. పుర్రెలోపల మెదడు కుదుపును ఆపలేదు. మొదటి దెబ్బనుండి కోలుకోకముందే రెండవ దెబ్బ తగిలితే మెదడు వేగంగా ఉబ్బి ప్రాణాపాయం కలుగవచ్చునని 1984లో వైద్యులు ఒక కళాశాల ఆటగాడి మరణం ఆధారంగా వివరించారు. కంకషన్ అనుమానమున్న బాలుడిని వైద్యపరీక్ష లేకుండా తిరిగి ఆడించరాదని 2009లో వాషింగ్టన్ రాష్ట్రం చట్టం చేసింది. 2014 నాటికి అన్ని రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. నికల్స్, స్మిత్‌ల లెక్క చట్టానికి చేరడానికి నూరేళ్ళు దాటింది.

మన హైదరాబాదు చరిత్రలోనూ ఇటువంటి ఘట్టం ఉంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో, మన హైదరాబాదీ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన భారత ఫుట్‌బాల్ జట్టులో, జర్నైల్ సింగ్ థాయిలాండ్‌తో ఆటలో తలకు గాయమై కుట్లు వేయించుకున్నాడు. రక్షకుడైన అతడిని రహీం దాడి పంక్తిలో నిలిపి ఆడించారు. సెమీఫైనల్లో ఒక గోలు, సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనల్లో మరొక గోలు కొట్టాడు. భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. ఆ సాహసాన్ని తలచుకుంటే నాకూ గర్వమే. కానీ వైద్యుడిగా ఒక మాట చెప్పక తప్పదు: కుట్లు కంటికి కనిపిస్తాయి, మెదడు కుదుపు కనిపించదు. ఆ పతకాన్ని చూసి మన పిల్లలను అదే విధంగా ఆడించడం తగదు.

కనుక ఆటస్థలంలో ఎవరి తలకైనా గట్టి దెబ్బ తగిలితే, స్పృహ తప్పకపోయినా, ఆ రోజుకు అతడి ఆట ముగిసినట్లే. తలనొప్పి, కళ్ళు తిరగడం, మగత, నడకలో తడబాటు, అడిగిందే మళ్ళీ అడగడం కంకషన్ లక్షణాలు. ఇవన్నీ తగ్గి, వైద్యుడు చూసి చెప్పినాకే మళ్ళీ మైదానంలోకి. పదేపదే వాంతులు, మూర్ఛ, ఒక కనుపాప పెద్దదవడం, చెవినుండి గాని ముక్కునుండి గాని రక్తమో నీరో కారడం, లేపినా లేవకపోవడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

"నేను బాగానే ఉన్నాను" అని పిల్లవాడు అంటాడు. దెబ్బ తగిలింది ఆ మాట చెప్పే మెదడుకే. అందువల్ల నిర్ణయం అతడికి వదలకండి. గట్టు మీద నిలబడిన పెద్దలే తీసుకోండి.