స్పీడ్ టెస్ట్ పుట్టుక: ముల్లు చూపేది, చూపనిది

ఇంట్లో నెట్ కాస్త మందగించగానే అందరూ చేసే మొదటి పని స్పీడ్ టెస్ట్. తెర మీద ముల్లు గిర్రున తిరిగి ఒక అంకె దగ్గర ఆగుతుంది. వందకు తొంభై దాటితే లైన్ బాగున్నట్టు, ముప్పై దగ్గరే ఆగితే కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ చేయాల్సినట్టు. కానీ వంద ఎంబీపీఎస్ చూపిస్తున్న ఇంట్లోనే వీడియో కాల్‌లో మాట తెగిపోతుంది, ఆన్‌లైన్ క్లాసులో టీచరు ముఖం బిగుసుకుపోతుంది, యూపీఐ చెల్లింపు తిరుగుతూనే ఉంటుంది. ముల్లు అబద్ధం చెప్పడం లేదు, కొలవాల్సిన దానిలో సగాన్నే కొలుస్తోంది. రెండో సగం ఎక్కడ జారిపోయిందో తెలియాలంటే ఈ పరీక్ష పుట్టిన నాటికి వెళ్లాలి. ఇంటర్నెట్‌ను పరీక్షించినవాళ్లు మొదట అడిగిన ప్రశ్న, పిలిచిన ఎంత సేపటికి బదులు వస్తోంది అన్నది. సెకనుకు ఎంత సరుకు మోస్తోంది అన్న ప్రశ్న ఆ వెనక వచ్చింది. ఇళ్లకు చేరేసరికి రెండోదే మిగిలి మొదటిది మరుగునపడింది. దాన్ని తిరిగి తెచ్చుకుంటే తప్ప, ఎంత పెద్ద ప్లాన్ కొన్నా ఇంట్లో నెట్ బాగుపడదన్నది ఈ వ్యాసం వాదన.

1983 డిసెంబరులో, అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లాబొరేటరీలో మైక్ మూస్ అనే ప్రోగ్రామర్‌కు తమ నెట్‌వర్క్ వింతగా ప్రవర్తిస్తోందని అనుమానం వచ్చింది. అవతలి యంత్రం పలుకుతోందా, పలికితే ఎంత సేపట్లో అన్నది తేల్చుకోవడానికి ఒక్క రాత్రిలో సుమారు వెయ్యి లైన్ల ప్రోగ్రాం రాశారు. ఒక చిన్న ప్యాకెట్ పంపడం, అది తిరిగొచ్చేదాకా గడియారం చూడడం, అంతే దాని పని. జలాంతర్గాములను పసిగట్టే సోనార్ చప్పుడును బట్టి దానికి పింగ్ అని పేరు పెట్టారు. బర్కిలీ యూనిక్స్‌లో చేరి, అక్కడి నుంచి అది లోకమంతా పాకింది. నేడు విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని కొట్టినా చేసేది అదే పని. తర్వాత 1984-85లో అదే మూస్, టెర్రీ స్లాటరీ కలిసి టీటీసీపీ అనే మరో పనిముట్టును తీర్చిదిద్దారు. ఇది ఒక చివర నుంచి బైట్లను కుమ్మరించి, రెండో చివరకు సెకనుకు ఎన్ని చేరాయో లెక్కకట్టేది. నేటి స్పీడ్ టెస్ట్‌కు ముత్తాత ఇదే. ఆలస్యాన్ని కొలిచేది, మోతను కొలిచేది, రెండూ రెండేళ్ల తేడాలో ఒకే మనిషి చేతుల మీదుగా వచ్చాయన్నమాట.

ఈ రెండూ ఒకదానితో ఒకటి ఎలా పెనవేసుకుంటాయో 1986 అక్టోబరులో బయటపడింది. లారెన్స్ బర్కిలీ లాబొరేటరీకి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణానికి మధ్య దూరం 400 గజాలు. సెకనుకు 32 వేల బిట్లు మోయవలసిన ఆ దారిలో ఒకసారి 40 బిట్లు మాత్రమే వెళ్లాయి. వైరు తెగలేదు, యంత్రం చెడలేదు. బదులు ఆలస్యమైన ప్రతి కంప్యూటరూ తన ప్యాకెట్ పోయిందనుకుని మళ్లీ మళ్లీ పంపింది. పంపిన కొద్దీ దారి నిండింది, నిండిన కొద్దీ ఆలస్యం పెరిగింది. వాన్ జాకబ్సన్, మైఖేల్ కారెల్స్ అనే పరిశోధకులు దీనికి మందు కనిపెట్టారు: ప్యాకెట్ పోయిందంటే దారి నిండిందని అర్థం చేసుకుని జోరు తగ్గించాలి, తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోవాలి. 1988లో వాళ్లు ప్రకటించిన ఈ పద్ధతి నేటికీ ఇంటర్నెట్‌కు ఆధారం. ఇందులో ఒక చిక్కుముడి ఉంది. ప్యాకెట్ పోతేనే పంపేవాడికి కబురు అందుతుంది. పోకుండా ఎక్కడో ఆగి కూర్చుంటే అందదు. పాతికేళ్ల తర్వాత ఇళ్లను పీడించినది ఈ చిక్కే.

మన దేశంలో 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. సెకనుకు 9.6 కిలోబిట్ల డయల్-అప్ రోజులవి. తర్వాత 28.8, 33.6, 56 వచ్చాయి. వస్తువు పేరే అంకె అయిపోయింది: 56కే మోడెం. పోల్చడానికీ, అమ్మడానికీ, కొనడానికీ తేలికైన అంకె అది. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు కనీసం 256 కిలోబిట్లుంటే బ్రాడ్‌బ్యాండ్ అంది. 2013లో దాన్ని 512కు, 2023లో 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. అన్నీ మోత కొలతలే. పైగా 2004 నాటి నిర్వచనం వినియోగదారుడి నుంచి కంపెనీ స్థానిక కేంద్రం దాకా ఉన్న దారికే వర్తించింది, ఆ పైన ఏమవుతుందో దాని పరిధిలో లేదు. న్యాయంగా చెప్పాలంటే టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006 నాటి నాణ్యతా నిబంధనల్లో లేటెన్సీకీ, అంటే ప్యాకెట్ ఆలస్యానికీ, పరిమితి పెట్టారు. అది కాగితం మీద ఉండిపోయింది, ప్రకటనల్లోకి రాలేదు. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడూ జనం నోట నానింది నెలకు 149 రూపాయలు, 15 ఎంబీపీఎస్ అన్న మాటే. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి పల్లెలకు నెట్ చేర్చడం చిన్న పని కాదు, దాన్ని తక్కువ చేయడం లేదు. అంకె ఎలా రాజ్యమేలిందో చెప్పడమే ఉద్దేశం.

ఆ అంకెను ఎవరికివారు ఇంట్లోనే చూసుకునే వీలు 2006లో సియాటిల్‌లో పుట్టిన ఊక్లా కంపెనీ స్పీడ్‌టెస్ట్‌తో విస్తరించింది. దాని పనితీరు తెలిస్తే ఫలితాన్ని ఎంత నమ్మాలో తెలుస్తుంది. దగ్గరలోని సర్వర్‌ను ఎంచుకుంటుంది, ఒకేసారి అనేక కనెక్షన్లు తెరుస్తుంది, లైన్ నిండేదాకా కుమ్మరిస్తుంది. ఆ సర్వర్లలో చాలావాటిని ఇంటర్నెట్ కంపెనీలే తమ నెట్‌వర్క్‌లో పెట్టుకున్నాయి. కాబట్టి పరీక్ష ప్యాకెట్లు ఊరు దాటకుండానే తిరిగి రావచ్చు. చూసే సినిమా, చేసే కాల్ మాత్రం ముంబైకో సింగపూర్‌కో పోవాల్సి రావచ్చు. 2009లో ఇంటర్నెట్ రూపకర్తల్లో ఒకరైన వింట్ సెర్ఫ్ వంటివారి చొరవతో వచ్చిన ఎం-ల్యాబ్ ఇందుకు విరుగుడుగా సర్వర్లను కంపెనీల నెట్‌వర్క్ బయట పెట్టి, ఒకే కనెక్షన్‌తో కొలిచింది. 2016లో నెట్‌ఫ్లిక్స్ తెచ్చిన ఫాస్ట్ డాట్ కామ్ తన వీడియోలు పంపే సర్వర్ల నుంచే కొలుస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే నిమిషంలో, మూడు పరీక్షలు మూడు అంకెలు చూపడానికి కారణమిదే. మూడూ నిజమే, అడిగే ప్రశ్నలు వేరు. ప్రభుత్వాలు ఇంకాస్త జాగ్రత్తపడ్డాయి. బ్రిటన్ టెలికం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, ఆ తర్వాత 2011లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, శామ్‌నోస్ సంస్థ తయారుచేసిన చిన్న పెట్టెలను స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఇళ్లలో రౌటర్‌కే తగిలించి కొలిచాయి. ఇంటి వైఫై తప్పు కంపెనీ మీద పడకూడదు, కంపెనీ తప్పు వైఫై మీదకు నెట్టకూడదు. మనం ఇంట్లో పరీక్షించుకునేటప్పుడు మరిచిపోయేది ఈ తేడానే.

మరుగునపడిన ఆలస్యాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చింది జిమ్ గెటిస్. బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న ఆయన 2010లో ఇంటి నుంచి పెద్ద ఫైళ్లు పంపుతుండగా పింగ్ సమయం సెకను పైకి ఎగబాకడం చూశారు. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు మిల్లీసెకండ్లలో వచ్చే బదులు, నిండగానే అన్ని రెట్లు ఎందుకు ఆలస్యమవుతోంది? వెతుక్కుంటూ పోతే దోషి మోడెం, రౌటర్లలోని మెమరీ అని తేలింది. చిప్‌లు చవకయ్యేసరికి తయారీదార్లు ప్యాకెట్లు నిలిపే బఫర్లను భారీగా పెంచేశారు. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లు ఎన్ని కట్టినా గంటకు దర్శనమయ్యేవారి సంఖ్య పెరగదు, లోపల కూర్చునే గంటలే పెరుగుతాయి. రౌటర్‌లోనూ అంతే. ప్యాకెట్ పోదు కాబట్టి జాకబ్సన్ పద్ధతి ప్రకారం నడిచే కంప్యూటర్‌కు దారి నిండిన సంగతి తెలియదు, పంపుతూనే ఉంటుంది. లెక్క కట్టి చూడవచ్చు: 1 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న లైన్‌కు 256 కిలోబైట్ల బఫర్ ఉంటే, అది నిండాక చివర చేరిన ప్యాకెట్ బయటపడడానికి రెండు సెకన్లు. ఒకరి ఫోన్ ఫోటోలను క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటే పక్క గదిలో కాల్ తెగిపోవడం వెనక ఉన్నది ఈ రెండు సెకన్లే. గెటిస్ దీన్ని బఫర్‌బ్లోట్ అన్నారు. 2012లో కేథలీన్ నికోల్స్, మళ్లీ అదే వాన్ జాకబ్సన్, కోడెల్ అనే ఉపాయం చెప్పారు: క్యూ ఎంత పొడవుందని చూడకుండా, ప్యాకెట్ ఎంత సేపు ఆగిందో చూసి, హద్దు దాటితే వదిలేయడం. దాని నుంచి వచ్చిన ఎఫ్‌క్యూ కోడెల్ ఒక్కో కనెక్షన్‌కు విడిగా క్యూ ఇస్తుంది. 2018లో అది ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లోకి ఎక్కింది. డేవ్ టాట్ వంటి ప్రోగ్రామర్లు ఏళ్ల తరబడి దీన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా రౌటర్లలోకి చేర్చారు. కోట్ల ఇళ్లకు పనికొచ్చే ఈ కృషికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

ఇంత తర్కం ఎందుకు, ఎంబీపీఎస్ పెంచితే క్యూ తానే కరుగుతుంది కదా అనవచ్చు. కొంతవరకు నిజం. 10 ఎంబీపీఎస్ ఇంట్లో ఇద్దరు హెచ్‌డీ వీడియో చూస్తే మూడోవారికి మిగిలేదేమీ లేదు. అక్కడ పెద్ద ప్లానే మందు. అయితే ఆ అవసరం తీరాక లెక్క మారిపోతుంది. 2010లో గూగుల్‌లో మైక్ బెల్షీ చేసిన పరీక్షల్లో 5 నుంచి 10 ఎంబీపీఎస్‌కు పెంచితే వెబ్ పేజీలు తెరుచుకునే సమయం 5 శాతం దాకానే తగ్గింది. పింగ్ సమయం తగ్గించినప్పుడల్లా మాత్రం దామాషాగా తగ్గుతూ వచ్చింది. పేజీ తెరవడమంటే చిన్న చిన్న ప్రశ్నలు, జవాబులు వరసగా నడవడం. ఎంత వెడల్పు దారి ఉన్నా ఒక్కో జవాబు కోసం ఆగక తప్పదు. అమెరికాలో ఉన్న పిల్లలతో మాట్లాడే తల్లిదండ్రుల ఇళ్లలో ఇది మరీ సూటిగా తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు 14 వేల కిలోమీటర్లకు పైనే. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఒకవైపుకే 70 మిల్లీసెకండ్లు, తీగలు తిన్నగా పోవు కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువ. సంభాషణ సాఫీగా సాగాలంటే ఒకవైపు ఆలస్యం 150 లోపు ఉండాలని అంతర్జాతీయ టెలికం యూనియన్ సిఫారసు. మిగిలిన ఆ కొద్దిపాటి వెసులుబాటును మన రౌటర్‌లోని క్యూ మింగేస్తే ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం, ఇద్దరూ ఒకేసారి ఆగడం మొదలవుతుంది. 300 ఎంబీపీఎస్ ప్లాన్ సముద్రాన్ని దగ్గర చేయదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: కంపెనీ ఇస్తానన్నది ఇవ్వకపోతే తప్పు వినియోగదారుడి ఇంట్లో వెతకమంటారా? వెతకమన్నది కంపెనీని వదిలేయడానికి కాదు, పట్టుకోవడానికి. వైఫై మీద చూసిన అంకెతో ఫిర్యాదు చేస్తే రౌటర్ ఆపి ఆన్ చేయమన్న సమాధానంతో సరిపెడతారు. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు తగిలించి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి కొలిస్తే సంగతి వేరు. ఇళ్లకు వచ్చే జీపాన్ రకం ఫైబర్‌లో సుమారు 2.5 జీబీపీఎస్ దారిని 32 లేక 64 ఇళ్లు పంచుకోవచ్చు. పగలు నిండుగా వచ్చి రాత్రి పడిపోతే ఇరుకు కంపెనీ వైపునే ఉందని గట్టిగా అనుమానించవచ్చు. 200 ప్లాన్‌లో ఎప్పుడు చూసినా 94 దగ్గరే ఆగుతుంటే కంపెనీని తిట్టే ముందు వైరు చూడాలి. 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్‌లో ప్యాకెట్ల తలకట్లు పోగా చేతికి వచ్చేది దాదాపు అంతే. అంటే పోర్ట్ పాతదైనా అయ్యుండాలి, కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో ఒకటి తెగైనా ఉండాలి. ఫైబర్ బాక్స్ పేజీలో ఆప్టికల్ పవర్ అన్న వరస ఉంటుంది. సాధారణ జీపాన్ పెట్టె మైనస్ 27 డీబీఎం దాకా తట్టుకుంటుంది. ఆ అంచున ఉందంటే ఎక్కడో ఫైబర్ వంగి ఉండవచ్చు, లేదా కనెక్టర్‌కు దుమ్ము పట్టి ఉండవచ్చు. ఇది చూసి చెబితే లైన్‌మ్యాన్ తోసిపుచ్చలేడు.

కేబుల్‌తో అంతా బాగుండి వైఫైలోనే పడిపోతే, లోపం గోడల మధ్యే ఉంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు 1, 6, 11, మూడే. అపార్ట్‌మెంట్‌లో ఇరవై రౌటర్లు వాటి కోసమే పోటీపడతాయి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, కానీ అది గోడలను అంతగా దాటలేదు. రౌటర్‌ను అటక మీదో ఇనుప బీరువా వెనకో పెట్టకుండా ఇంటి నడుమ, కంటి ఎత్తులో పెట్టడానికి పైసా ఖర్చు లేదు. టీవీకి, డెస్క్‌టాప్‌కు కేబుల్ లాగితే మిగిలినవాళ్లకు గాలి ఖాళీ అవుతుంది.

సామాన్యులకు ఇంత పరీక్ష సాధ్యమా అన్నది చివరి అభ్యంతరం. పదేళ్ల కింద కాదు, ఇప్పుడు సాధ్యమే. ఫాస్ట్ డాట్ కామ్‌లో ఫలితం కింద మరిన్ని వివరాలు నొక్కితే, లైన్ ఖాళీగా ఉన్నప్పటి లేటెన్సీ, నిండినప్పటి లేటెన్సీ పక్కపక్కన కనిపిస్తాయి. స్పీడ్‌టెస్ట్ కూడా చూపుతోంది. ఆపిల్ 2021 నుంచి మ్యాక్‌లలో ఇందుకోసమే ఒక కమాండ్ ఇస్తోంది. ఖాళీగా 10, నిండితే 30 మిల్లీసెకండ్లు అయితే మంచి లైన్. ఖాళీగా 10, నిండితే 400 అయితే రౌటర్ సెట్టింగుల్లో క్యూను అదుపు చేసే క్యూఓఎస్ లేదా ఎస్‌క్యూఎం వెతికి, లైన్ వేగంలో 90 శాతం దగ్గర హద్దు పెట్టి మళ్లీ కొలవాలి. వేగంలో పది శాతం వదులుకుంటే కాల్ నిలబడుతుంది.

అమెరికాలో 2024 నుంచి ప్రతి బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్ పక్కన వేగంతోపాటు లేటెన్సీ కూడా ముద్రించిన లేబుల్ తప్పనిసరి అయింది. మనకూ అలాంటి లేబుల్ కావాలి. అందులో లైన్ ఖాళీగా ఉన్నప్పటి లేటెన్సీతో సరిపెట్టకుండా, నిండినప్పటిది కూడా ఉండాలి. ప్లాన్ కొనే ముందు ఎన్ని ఎంబీపీఎస్ అని అడిగినట్టే ఆ అంకెనూ అడగండి. వినియోగదారుడు అడగని అంకెను ఏ కంపెనీ తనంత తానుగా అచ్చు వేయదు.