512 కిలోబైట్ల తగువు

కంప్యూటర్‌లో పాత ప్లేస్టేషన్ ఆటలు ఆడదామని ఎమ్యులేటర్ పెట్టుకున్నవాళ్ళకి ఒక ఎర్రర్ బాగా పరిచయం: బయాస్ ఫైల్ లేదు. కన్సోల్ ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్ అది. సైజు 512 కిలోబైట్లే. యంత్రం మొత్తాన్నీ అనుకరించే కోడ్‌ని ఉచితంగా ఇచ్చినవాళ్ళు ఈ పిసరంత ఫైల్ ఎందుకివ్వరు?

ఎందుకంటే అది సోనీ సొత్తు. ఎమ్యులేటర్ కాదు. ఈ తేడా ఒక కోర్టు తగువులో తేలింది.

1999లో కనెక్టిక్స్ అనే అమెరికన్ కంపెనీ మాకింటాష్‌లో ప్లేస్టేషన్ ఆటలు ఆడించే వర్చువల్ గేమ్ స్టేషన్‌ని తెచ్చింది. దాని ఇంజనీర్లు సోనీ బయాస్‌ని కాపీ చేసుకుని, అదెలా పనిచేస్తుందో గమనించి, తమ కోడ్ తాము రాసుకున్నారు. అమ్మిన ప్రోగ్రామ్‌లో సోనీ కోడ్ లేదు. సోనీ దావా వేసింది. కింది కోర్టు అమ్మకాలు ఆపించింది. 2000 ఫిబ్రవరిలో అప్పీళ్ళ కోర్టు ఆ నిషేధాన్ని ఎత్తేసింది. పనితీరు తెలుసుకోడానికి మధ్యలో చేసుకున్న కాపీలు ‘ఫెయిర్ యూజ్’ కిందకే వస్తాయంది.

కోర్టులో గెలిచిన ప్రోగ్రామ్ బజార్లో మాత్రం నిలవలేదు. 2001లో సోనీయే దాన్ని కొనేసి, ఆపేసింది. తీర్పు మిగిలింది. రోజూ ఇంకొకరి కోడ్ చదివి బతికే నాకు అది పాత కేసు మాత్రమే కాదు. ఒక యంత్రాన్ని విప్పి చూసి, తెలిసినదాన్ని సొంతంగా రాసుకోవచ్చన్న భరోసా.

అన్నట్టు, అటక మీద పాత ప్లేస్టేషన్ ఉంటే పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి. ఎమ్యులేటర్ అడిగే ఆ ఫైల్ అందులోనే ఉంది.