కెల్లియా: ఇసుకలో సన్యాసుల ఊరు

ఎడారి సన్యాసి అనగానే మనకు తోచేది గుహలోనో చెట్టుకిందో కూర్చున్న ఒంటరి మనిషి. ఈజిప్టులోని తొలి క్రైస్తవ సన్యాసులను గురించి పాతకథలు చదివినవారు కూడా ఇంచుమించు అలాగే ఊహించుకున్నారు. అది సగమే నిజమని కెల్లియా మట్టి చెప్పింది.

నైలు డెల్టా పడమటి అంచున నిట్రియా అనేచోట అమూన్ అనే గురువు ఉండేవాడు. శిష్యులు పెరిగి సందడి ఎక్కువైంది. క్రీ.శ. 338 ప్రాంతంలో ఆంథొనీ ముని ఆయనను చూడవచ్చాడట. ఇద్దరూ భోంచేసి నడక సాగించి, పొద్దుగుంకినచోట శిలువ పాతారు. రెండుచోట్లవారూ భోజనం కాగానే బయలుదేరి ఒకరినొకరు చూసుకోవచ్చునని లెక్క. ఏకాంతానికి కూడా ఇరుగుపొరుగు కావాలి కాబోలు! గ్రీకులో కెల్లియా అంటే ‘గదులు’.

ఆ చోటేదో తర్వాత మరుగునపడింది. 1964లో ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ గియోమోన్ దాన్ని గుర్తించాడు. మరుసటి ఏడు ఫ్రెంచివారూ, జెనీవా విశ్వవిద్యాలయంవారూ తవ్వకాలు మొదలుపెట్టారు. దాదాపు 1,500 నివాసాలు తేలాయి.

తొలినాటివి నేలలోకి సగం దిగిన చిన్న గదులు. ఆరు, ఏడు శతాబ్దాలవి మాత్రం చక్కని ఇళ్లు. పచ్చి ఇటుకల ప్రహరీ, లోపల బావి, తోట, వంటగది, మరుగుదొడ్డి, గురువుకొక భాగం, శిష్యుడికొక భాగం. ప్రార్థనగదిలో తూర్పుగోడకు గూడు. సున్నపు గోడలమీద రంగురంగుల శిలువలు, పక్షులు, పడవలు. పోయిన సన్యాసుల మరణదినాలు కూడా గోడలమీద రాసి, వారికోసం ప్రార్థించమన్నారు. ఒకచోట కోప్టిక్ భాషలో ఒక వాదం ఉంది. ‘ఏసును మాత్రమే పిలిస్తే తండ్రిని, పరిశుద్ధాత్మను విడిచినట్టే’ అని దయ్యం మనసులో పెట్టే సందేహానికి జవాబది. సన్యాసి తలలో మెదిలిన మాట ఇంత దగ్గరగా వినబడటం నాకు పుస్తకాలలో అరుదు.

ఎనిమిది, తొమ్మిది శతాబ్దాలకు ఆ ఊరు పాడుబడింది. ఇసుక వెయ్యేళ్లు కాపాడింది. పాడుచేసింది శత్రువు కాదు, సాగు. ఎడారిని పొలాలుగా మార్చే పనులు ముంచుకొస్తుండగా తవ్వకందారులు ట్రాక్టర్లతో పోటీపడి పనిచేశారు. పొలాలకు పారిన నీటితో నేలలో చెమ్మ, ఉప్పు పెరిగి పచ్చి ఇటుక కరిగిపోయింది. జనానికి తిండి కావాలి గనుక తప్పుపట్టడం కష్టమే. తవ్వినవాటిలో చాలా గోడలు ఇప్పుడు గ్రంథాలలోని పటాలలో, ఛాయాచిత్రాలలో మాత్రమే నిలిచివున్నాయి.