తాండ్ర పళ్లెం నుంచి ఖర్జూరపు గంగాళం దాకా

ఇంటర్ దాకా చదువుకుని, మస్కట్ ఆఫీసుల్లో క్లర్కులుగా పనిచేస్తూ, అల్ ఖువైర్‌లో ఒకే ఫ్లాటును పంచుకుంటున్న రెండు కుటుంబాల వాళ్లం మేము. ఒక మే నెలలో మాలో ఒకరి అమ్మ విజిట్ వీసా మీద వచ్చారు. మా పిల్లలు బ్రెడ్డు మీద జామ్ రాసుకుని తినడం చూసి, "సీసాలు కొనడం ఎందుకురా? రెండు పెట్టెల మామిడిపళ్లు తెండి, తాండ్ర పోద్దాం" అన్నారు.

అమ్మది కోనసీమ. ఆత్రేయపురం అంటే అందరికీ పూతరేకులే గుర్తొస్తాయి గానీ, ఆ చుట్టుపక్కల మామిడి తాండ్ర కూడా అంత పేరున్నదే. విజయనగరం వైపు భీమాళి తాండ్ర కూడా అంతే. శుక్రవారం పొద్దున్నే వంటింట్లో కూర్చున్నాం. పిల్లలు తొక్కలు తీశారు, ఆడవాళ్లు గుజ్జు పిండారు, మేము జల్లెడ పట్టాం. కిలో గుజ్జుకి పావు కిలో బెల్లం, పులుపైతే ఇంకో గుప్పెడు. పళ్లేలకు నెయ్యి రాసి, పల్చగా పోసి మేడ మీద పెట్టాం. ఒక పొర ఆరాక దాని మీద ఇంకో పొర పోయాలి.

మూడో రోజుకి బూజు పట్టింది. ఎండకు కరువు లేదు, కానీ సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. అమ్మ ముఖం చిన్నబోయింది. మా ఆఫీసులో వీసా పనులు చూసే ఒమానీ మందూబ్‌తో ఈ మాట చెబితే ఆయన నవ్వి, "మా బిదియాకి పంపండి. అక్కడ ఎడారి గాలి. మా అమ్మ చూసుకుంటుంది" అన్నాడు. మళ్లీ గుజ్జు తీసి, ఒక పొర పోసి, పళ్లేలు ఆయన కారులో పెట్టాం. తర్వాత పొరలకు మిగతా గుజ్జు డబ్బాలో ఇచ్చాం. పై వారం తాండ్ర ఆరి వచ్చింది. దాంతో పాటు ఒక సంచి ఎండు ఖర్జూరం కూడా వచ్చింది.

ఆ సంచిని చూశాకే మాకు అసలు చరిత్ర తెలిసింది. బిదియా ఉన్న షర్ఖియా ప్రాంతంలో మబ్సలి అనే రకం ఖర్జూరాన్ని పూర్తిగా పండకముందే కోసి, పెద్ద రాగి గంగాళాల్లో ఉడికించి, ఎండబెడతారు. ఈ పనిని తబ్సీల్ అంటారు. ఇప్పటికీ ప్రతి వేసవిలోనూ ఇంటిల్లిపాదీ కలిసి చేస్తారు. ఆ సరుకు సూర్ రేవు నుంచి తెరచాప ఓడల్లో బొంబాయికి వెళ్లేది. తిరిగొచ్చేటప్పుడు బియ్యం, బట్టలు వచ్చేవి. మన పెళ్లిళ్లలో, ఒడిబియ్యంలో పసుపు కొమ్ముల పక్కన పెట్టే ఎండు ఖర్జూరం గుర్తుందా? అలా ఓడ దిగిన సరుకులో కొంత మన ఊళ్ల దాకా వచ్చే ఉంటుంది. మనం విమానం ఎక్కి ఇక్కడికి రాకముందే ఇక్కడి పండు మన ఇంటికి చేరిందన్న మాట.

ఇక్కడి వాళ్లు ఖర్జూరాన్ని దాచుకునే పద్ధతి ఇంకొకటి ఉంది. బహ్లా దగ్గర జబ్రీన్ కోటను 1670ల్లో ఇమాం బిల్ అరబ్ బిన్ సుల్తాన్ కట్టించాడు. అందులో ఖర్జూరం బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చే గది ఉంది. బరువుకి కారిన పాకం నేల మీది కాలవల్లోంచి పారి జాడీల్లోకి చేరేది. ఆ పాకమే దిబ్స్.

మాటలు కూడా ఇలాగే ప్రయాణం చేశాయి. ఇక్కడి జామ్ సీసా మీద అరబ్బీలో ఉండే పేరు మురబ్బా. హైదరాబాదులో ఉసిరికాయను పాకంలో ఊరబెట్టి చేసేదీ మురబ్బాయే. మన చింతపండును అరబ్బులు తమర్ హింది, అంటే హిందూ దేశపు ఖర్జూరం అన్నారు. ఇంగ్లీషు టామరిండ్ అందులోంచి వచ్చిందే.

పండు నిలవ ఉండడంలో కిటుకు ఒకటే. చక్కెర, ఉప్పు, ఎండ, ఈ మూడూ బూజుకు కావలసిన నీటిని అందకుండా చేస్తాయి. ఫ్రాన్సులో నికొలా అప్పెర్ట్ ఆహారాన్ని సీసాల్లో పెట్టి, మూత బిగించి, మరిగించి నిలవ చేసే పద్ధతిని 1810లో పుస్తకంగా అచ్చు వేశాడు. ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకులు బహుమతి ఇచ్చింది. తాండ్ర పోసిన మన అమ్మమ్మల పేర్లు, గంగాళం దగ్గర నిలబడ్డ బిదియా తల్లుల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ల లెక్కలన్నీ గుప్పెళ్లలో, కంటి చూపులో ఉండిపోయాయి.

వీసా గడువు అయిపోయి అమ్మ వెళ్లిపోయారు. మోకాళ్ల నొప్పులు, మళ్లీ వస్తారన్న నమ్మకం లేదు. విమానాశ్రయానికి బయలుదేరే ముందు రాత్రి ఆవిడ చెబుతుంటే, మా పెద్దపిల్ల నోట్‌బుక్కులో కొలతలన్నీ రాసింది. గుప్పెడంటే ఎంతో తెలియడానికి అమ్మ చేత గుప్పెడు బెల్లం తీయించి తూకం వేశాం. డెబ్బై గ్రాములు వచ్చింది.

మిత్రులారా, ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు డబ్బు అందిందా అని అడిగాక, ఇంకొక్క మాట అడగండి. మీ ఇంట్లో తాండ్ర ఎలా పోస్తారో, మాగాయ ఎలా పెడతారో అడిగి రాసుకోండి. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే రాసుకోవాలి.