పంట డబ్బు నుంచి నెలవారీ వాయిదా దాకా: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో వినియోగ సంస్కృతి

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- వినియోగానికీ, వినియోగ సంస్కృతికీ గల తేడాను వివరించగలుగుతారు.
- పశ్చిమ కృష్ణా డెల్టాలో వినియోగ సంస్కృతి ఏయే దశలలో పెరిగిందో చెప్పగలుగుతారు.
- సమాజం మీద, వ్యాపారం మీద దాని ప్రభావాలను అంచనా వేయగలుగుతారు.
- వినియోగదారుగా మీకు గల చట్టబద్ధమైన హక్కులను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

తిండి, బట్ట, ఇల్లు లేకుండా ఏ సమాజమూ మనలేదు. కాబట్టి వినియోగం మనిషితో పాటే ఉంది. వినియోగ సంస్కృతి అలాంటిది కాదు. అవసరాలు తీరిన తరవాత కూడా కొత్త వస్తువుల మీద కోరిక పుట్టించే ఏర్పాట్లు సమాజంలో స్థిరపడినప్పుడు, మనిషి విలువను అతని దగ్గరున్న వస్తువులను బట్టి లెక్కగట్టడం మొదలైనప్పుడు, వినియోగ సంస్కృతి ఏర్పడిందని అంటాం. అమెరికా ఆర్థికవేత్త థార్‌స్టైన్ వెబ్లెన్ 1899లో ప్రచురించిన గ్రంథంలో, హోదాను నలుగురికీ చూపించడానికి చేసే ఖర్చును ‘ఆడంబర వినియోగం’ అనే భావనతో వివరించాడు.

ఆంగ్లంలో ‘కన్స్యూమరిజం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఇప్పుడు చెప్పుకున్న వస్తు వ్యామోహం. రెండు, మోసపోయిన కొనుగోలుదారుల హక్కుల కోసం సాగే ఉద్యమం. మొదటిది పెరిగిన చోటే రెండోదాని అవసరమూ పెరుగుతుంది. ఈ పాఠంలో రెండింటినీ చూస్తాం.

మన దేశంలో వినియోగ సంస్కృతి 1991 ఆర్థిక సంస్కరణలతోనే వచ్చిందని చాలామంది అనుకుంటారు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంత చరిత్ర ఈ అభిప్రాయాన్ని సమర్థించదు. ఇక్కడ దాని పునాదులు పందొమ్మిదో శతాబ్దం నడుమనే పడ్డాయి. 1991 తరవాత ముఖ్యంగా మారింది కొనడానికి వాడే డబ్బు. చేతికొచ్చిన పంట డబ్బుతో కొనే పద్ధతి నుంచి, ఇంకా చేతికి రాని ఆదాయాన్ని నమ్ముకుని కొనే పద్ధతికి సమాజం మళ్ళింది. చదువుతున్నప్పుడు ప్రతి దశలోనూ రెండు ప్రశ్నలు వేసుకోండి: వస్తువును ఏ డబ్బుతో కొన్నారు? కొనే అవకాశం ఎవరికి దక్కలేదు?

2. ఆనకట్ట, మిగులు, రొక్కం

1832-33లో గుంటూరు ప్రాంతాన్ని నందన కరువు కబళించింది. వానలు తప్పితే తిండిగింజలే కరువయ్యే ఆ పరిస్థితిలో అంగడి సరుకుల మాటే లేదు. ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో బెజవాడ వద్ద 1852లో మొదలైన కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువ నీరు అందడంతో నేటి తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలలో వరి ప్రధాన పంటగా స్థిరపడింది. తిండికి పోగా అమ్ముకోవడానికి ధాన్యం మిగిలింది.

అంతకుముందు గ్రామంలో చాలా లావాదేవీలు ధాన్యంతోనే జరిగేవి. కుమ్మరి, చాకలి, మంగలి, వడ్రంగి వంటి వృత్తులవారికి కళ్ళం దగ్గర ‘మేర’ కొలిచి ఇచ్చేవారు. ధాన్యం బజారుకు చేరి రొక్కంగా మారడం పెరిగిన కొద్దీ ఈ సంబంధాలు సడలాయి. కుమ్మరి కుండ స్థానంలోకి లోహపు పాత్ర, ఆముదపు దీపం స్థానంలోకి కిరసనాయిలు లాంతరు, చేనేత స్థానంలోకి మిల్లు బట్ట వచ్చాయి. కొనేవారికి ఇది సౌకర్యం. వృత్తిదారులకు ఆధారం పోవడం. వినియోగ చరిత్రను కొన్నవారి వైపు నుంచే చూస్తే ఈ రెండో సగం కనిపించదు.

3. రైలు, బజారు, ప్రకటన

మిగులు ఉన్నంత మాత్రాన సరిపోదు, సరుకుకు దారి కావాలి. పందొమ్మిదో శతాబ్దం చివరినాటికి బెజవాడ - మద్రాసు రైలు మార్గం తెనాలి, బాపట్లల మీదుగా పూర్తయింది. 1916లో తెనాలి - రేపల్లె శాఖా మార్గం వచ్చింది. డెల్టా ధాన్యం, బియ్యం బయటికి పోయిన దారినే మద్రాసు సరుకులు లోపలికి వచ్చాయి. రైలు కూడలి అయిన తెనాలి బియ్యం మిల్లులకు, టోకు వ్యాపారానికి కేంద్రమైంది. మూడు కాలువలు ప్రవహించే ఆ పట్టణానికి నాటకాలు, సాహిత్యం, సినిమాల మీది మోజు వల్ల ‘ఆంధ్రా ప్యారిస్’ అనే పేరు వచ్చింది. పంట మిగులు వినోదంగా, వేషభాషలుగా మారిన తీరును ఈ పేరు చెబుతుంది.

కోరిక పుట్టించే పని ప్రకటనలది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రికను స్థాపించారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువరించారు. వ్యాపారంలో వచ్చిన ధనం పత్రికను నిలబెట్టింది, పత్రిక తెలుగు ఇళ్ళకు సరుకుల పేర్లను చేర్చింది. జాతీయోద్యమ వార్తలూ వ్యాపార ప్రకటనలూ ఒకే కాగితం మీద పాఠకులను చేరాయని గమనించండి.

అప్పుడే మరో మార్పు కూడా వచ్చింది. సింగర్ కంపెనీ కుట్టుమిషన్లను వాయిదాల పద్ధతిలో అమ్మింది. అంటే వస్తువు ముందు, డబ్బు తరవాత. నేటి ఇఎంఐకి ఇది పూర్వరూపం. గ్రామాలలో ‘అరువు’ అప్పటికే ఉంది. కొట్టులో పద్దు రాయించి, పంట రాగానే తీర్చేవారు. అయితే అరువుకు ఆధారం ముఖపరిచయం, ఎదురుగా కనిపించే పైరు. వాయిదాకు ఆధారం రాతపూర్వకమైన ఒప్పందం.

4. ఏది కొనాలి? స్వదేశీ, మాంద్యం

జాతీయోద్యమం కొనుగోలును నైతిక ప్రశ్నగా మార్చింది. 1921లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కోటి మంది సభ్యులను, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలను, 20 లక్షల రాట్నాలను లక్ష్యంగా పెట్టుకుంది. విదేశీ వస్త్రాన్ని వదలడం, ఖద్దరు కట్టడం దేశభక్తికి గుర్తులయ్యాయి. ‘నాకేది కావాలి’ అనే ప్రశ్న పక్కన ‘నేను కొంటే ఎవరు బతుకుతారు’ అనే ప్రశ్న నిలిచింది.

1929లో మొదలైన ప్రపంచ ఆర్థిక మాంద్యం మరో పాఠం నేర్పింది. ధాన్యం ధరలు బాగా పడిపోయాయి కానీ చేసిన అప్పులు, కట్టాల్సిన శిస్తు తగ్గలేదు. ఒకే అప్పు తీర్చడానికి ఎక్కువ బస్తాలు అమ్మవలసి వచ్చింది. పొన్నూరు దగ్గరి నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా వంటి నాయకులు రైతు ఉద్యమాన్ని నిర్మించారు. 1938లో మద్రాసు ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం చేసింది. మంచి ధరలున్న రోజుల్లో పెరిగిన ఖర్చు, ధరలు పడిన రోజుల్లో మెడకు చుట్టుకుంటుందని ఈ దశ తెలియజేస్తుంది.

ఈ కాలపు మధ్యతరగతి కోరికలను, భయాలను తెలుసుకోవడానికి సాహిత్యం కూడా మంచి ఆధారం. 1909లో తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు రచనలను ఆ దృష్టితో చదవండి.

5. ఒకే ఊళ్ళో రెండు బియ్యాలు

స్వాతంత్ర్యానంతరం ప్రకాశం బ్యారేజీ (1957), నాగార్జునసాగర్ (1967) నీటి భద్రతను పెంచాయి. 1945లో బాపట్లలో ఏర్పడిన వ్యవసాయ కళాశాల శాస్త్రీయ సేద్యానికి కేంద్రమైంది. అధిక దిగుబడి వంగడాలు, ఎరువులతో మిగులు మళ్ళీ పెరిగింది. మిగులు ఉన్న కుటుంబాలు దానిని పిల్లల చదువులు, సినిమా, రవాణా, ఇతర వ్యాపారాలలోకి మళ్ళించాయి. కట్నాలూ పెరిగాయి. నగదు, పొలంతో పాటు స్కూటరు, ఫ్రిజ్, టీవీ కూడా పెళ్ళి మాటల్లోకి వచ్చాయి. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం దీన్ని ఆపలేకపోయింది.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రారంభించింది. 1986లో బాపట్ల నుంచి బి.పి.టి. 5204 (సాంబ మసూరి) అనే సన్నరకం విడుదలై దక్షిణాది అంతటా వ్యాపించింది. మొదటిది పేదల కడుపు నింపింది. రెండోది రుచికి, హోదాకు గుర్తయింది. ‘మీరు తినేది సన్నబియ్యమా, రేషన్ బియ్యమా?’ అనే ప్రశ్నతో కుటుంబం స్థాయిని కొలిచే కాలం వచ్చింది. ఆడంబర వినియోగం అంటే కార్లు, నగలు మాత్రమే కాదు. కంచంలోని అన్నం కూడా హోదాను చెప్పగలదు.

6. టికెట్టు సమానమే, సీటు సమానమా?

డబ్బు ఉన్న ఎవరైనా కొనవచ్చు కాబట్టి బజారు కుల భేదాలను చెరిపేస్తుందనే వాదన ఉంది. దానిలో కొంత నిజముంది. హోటల్, రైలు, సినిమాహాలు వేర్వేరు కులాలవారిని ఒకే కప్పు కిందికి తెచ్చాయి. అయితే ఆ వాదనకు ఉన్న హద్దును తెనాలి దగ్గరి చుండూరు చూపింది. 1991 జులైలో అక్కడి సినిమాహాలులో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని అగ్రకుల ప్రేక్షకుడికి తగలడం ఉద్రిక్తతకు కారణాలలో ఒకటైంది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు.

అదే జులై 24న పార్లమెంటులో ఆర్థిక సంస్కరణల బడ్జెట్ ప్రవేశపెట్టారు. స్వేచ్ఛా విపణి గురించి దేశం మాట్లాడుకుంటున్న రోజుల్లోనే, టికెట్టు కొన్న మనిషికి సమాన గౌరవం దక్కదని ఈ ప్రాంతం చూసింది. కొనుగోలు శక్తి సామాజిక సమానత్వానికి దోహదపడవచ్చు కానీ దానికి ప్రత్యామ్నాయం కాలేదు.

7. 1991 తరవాత వ్యాపారం

1995లో ఈటీవీ ప్రారంభం కావడంతో తెలుగు ప్రకటనలు రోజంతా నట్టింట్లోకి వచ్చాయి. చిక్ వంటి షాంపూలు అంతకుముందే చిన్న ప్యాకెట్లలో వచ్చి, సీసా కొనలేని రోజు కూలీలను కూడా కంపెనీల ఖాతాదారులుగా మార్చాయి. ఒక్కో ప్యాకెట్టు చవకే. కానీ చిల్లరగా కొనేవారు పెద్ద సీసా కొనగలవారితో పోల్చుకుని ఎంత చెల్లిస్తున్నారో మీ ఊరి కొట్టులో లెక్కవేసి చూడండి.

స్థానిక ఉత్పత్తి కూడా మారింది. డెల్టాలో వరికోత తరవాత మినుము వేయడం పాత అలవాటు. ఆ పప్పు నేడు తెనాలి నుంచి ‘డబుల్ హార్స్’ వంటి బ్రాండు పేర్లతో ప్యాకెట్లలో అమ్ముడుపోతోంది. వడ్లమూడిలోని సంగం డెయిరీ పల్లె పాలను పట్టణాల సరుకుగా మార్చింది. బ్రాండు స్థానికంగా ఉపాధి కల్పిస్తుంది, నాణ్యతపై నమ్మకం కలిగిస్తుంది. మరోవైపు, విడిగా తూచి అమ్మే కిరాణా కొట్టుకు సూపర్ మార్కెట్, ఆన్‌లైన్ అమ్మకాలు గట్టి పోటీ అయ్యాయి. అరువిచ్చే గుణమే చిన్న కొట్టుకు మిగిలిన బలం.

రేపల్లె, నిజాంపట్నం తీరంలో దూరదేశాల వినియోగం నేల రూపాన్నే మార్చింది. ఎగుమతి గిరాకీతో 1990లలో రొయ్యల చెరువులు విస్తరించాయి. తెల్లమచ్చ వ్యాధి దెబ్బతీసింది. తీరప్రాంత ఆక్వా సాగుపై 1996లో సుప్రీంకోర్టు ఆంక్షలు విధించింది. 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. అమెరికాలో భోజనం చేసేవారి అభిరుచి రేపల్లె రైతు ఆదాయాన్నీ, పక్క పొలంలోని ఉప్పదనాన్నీ నిర్ణయించే స్థితి ఏర్పడింది.

8. అప్పు స్వభావంలో మార్పు

‘నూటికి రెండు రూపాయల వడ్డీ’ అంటే సంవత్సరానికి 24 శాతం అని మీకు తెలుసు. ప్రామిసరీ నోటు, చీటీపాటల పక్కన ఇప్పుడు సూక్ష్మరుణాలు, బంగారు రుణాలు, క్రెడిట్ కార్డు, నెలవారీ వాయిదాలు చేరాయి. పంట ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తుంది. వాయిదా ప్రతి నెలా వస్తుంది. ఈ రెండు కాలాలు కలవనప్పుడు ఒక అప్పు తీర్చడానికి మరో అప్పు తప్పదు. సూక్ష్మరుణ సంస్థల వసూలు పద్ధతులపై ఆందోళన పెరిగి, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం వాటిని నియంత్రిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది.

జాతీయ నమూనా సర్వే ప్రకారం 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 82 శాతం రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. 2019 సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాలలో ఇది 93.2 శాతం. సగటు అప్పు సుమారు 2.45 లక్షల రూపాయలు. దేశ సగటు 50.2 శాతం, 74,121 రూపాయలు. ఈ అప్పులన్నీ వస్తువుల కోసం చేసినవని అనుకోవడం పొరపాటు. సాగు ఖర్చు, కౌలు, వైద్యం, చదువు కూడా ఇందులో ఉన్నాయి. ‘దుబారా వల్లే రైతు చెడ్డాడు’ అనే మాటను ఈ గణాంకాలు రుజువు చేయవు. అంత అప్పు మోస్తున్న ఇంటికి కొత్త వాయిదా ఎంత ప్రమాదమో మాత్రం చెబుతాయి.

9. వినియోగదారుల హక్కులు

1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెనడీ వినియోగదారుల హక్కులను ప్రస్తావించాడు. భారతదేశంలో 1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టానికి ఆమోదం లభించింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జులైలో అమలులోకి వచ్చింది. పాత చట్టంలో సాధారణంగా అమ్మకందారు ఉన్న చోటో, వివాదం పుట్టిన చోటో ఫిర్యాదు చేయాలి. కొత్త చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే చేయవచ్చు. కాబట్టి రేపల్లెలో ఉన్నవారు ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు గురించి దూర నగరాలకు వెళ్ళనక్కరలేదు. వస్తువుకు లేదా సేవకు చెల్లించిన మొత్తం ఐదు లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. సమస్య తలెత్తిన రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. రసీదు దాచుకోవాలి. జాతీయ సహాయ సంఖ్య 1915.

10. సారాంశం

ఆనకట్ట మిగులునిచ్చింది, రైలు సరుకును తెచ్చింది, ప్రకటన కోరికను పెంచింది, వాయిదా ఆ కోరికను వెంటనే తీర్చింది. ఈ క్రమంలో జీవనం సౌకర్యవంతమైంది, కొత్త వ్యాపారాలు పుట్టాయి. కులవృత్తులు కూలిపోయాయి, హోదా పోటీ పెరిగింది, అప్పు ఇంటి బడ్జెట్‌లో శాశ్వత భాగమైంది. కులం మాత్రం బజారు ముందు దానంతటదే తలవంచలేదు. వస్తువులను మంచివనో చెడ్డవనో తీర్పు చెప్పడం చరిత్ర విద్యార్థి పని కాదు. ఏ డబ్బుతో కొన్నారో, ఎవరు నష్టపోయారో అడగడం అతని పని. మీ ఇంట్లోని వస్తువులతోనే ఈ పరిశీలన మొదలుపెట్టవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. అరువుకూ వాయిదాకూ గల తేడా ఏమిటి?
2. ‘బజారు కుల భేదాలను చెరిపేస్తుంది’ అనే వాదనను చుండూరు నేపథ్యంలో విమర్శనాత్మకంగా పరిశీలించండి.
3. మీ ఇంట్లో మూడు తరాలవారిని అడిగి, ఒక్కో తరం కొన్న మొదటి పెద్ద వస్తువేమిటో, దానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక పేజీలో రాయండి.